మోడు నడుమ చిగురెందుకు వేయదు

ఒకప్పుడు నరికిన చెట్టు సరిగ్గా నడుమనుంచే మళ్లీ చిగురించేది. గొడ్డలి తెగ్గొట్టిన చోటే, మోడు బొడ్డులోంచి, ఒక్కటే చిగురు నిటారుగా లేచేది. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి అది నిలువెత్తు మానై నిలబడేది. అక్కడ ఒకసారి గొడ్డలి పడిందని చూసేవాళ్లకు తెలిసేది కాదు. చెట్టుకు కూడా గుర్తుండేది కాదు.

ఇప్పుడలా లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే జోగన్న అనే ముసలివాడి కథ చెప్పాలి. ఇది నవ్వించే కథ కాదు. నవ్వులు కావాలంటే కోతి దగ్గరికి పోండి, అది రోజుకు పది చెబుతుంది.

కొండల్లోంచి దిగివచ్చే ఏరొకటి ఉండేది. ఏటికి రెండు పక్కలా అడవి. కానుగలు, నేరేళ్లు, మేడిచెట్లు, వెదుళ్లు, అన్నిటికంటే ఎక్కువగా ఏరుమద్ది చెట్లు. మద్ది వేళ్లు ఒడ్డు దాటి నీళ్లలోకి దిగి, ఏటి చెయ్యి పట్టుకుని నడిపించేవి. పెద్దల చెయ్యి పట్టుకున్న పిల్లలా ఏరు కూడా అల్లరి లేకుండా నడిచేది.

ఆ అడవిలో మానులు కొట్టేవాళ్లకు జోగన్న మేస్త్రి. ఊళ్లో నూర్పిళ్లు అయిపోగానే తన మనుషుల్ని వెంటబెట్టుకుని అడవికి వచ్చేవాడు. ఎండాకాలమంతా మానులు కొట్టేవాళ్లు. తొలకరి పడి ఏరు పొంగగానే మానుల్ని తెప్పలుగా కట్టి, వాటిమీదే కూర్చుని కిందనున్న పట్నానికి తేలిపోయేవాళ్లు.

తెప్ప ఎక్కేముందు జోగన్న అడవివైపు తిరిగి చేతులు జోడించి, "పోయొస్తాం" అనేవాడు.

మన ఇళ్లలో ఎవరూ "పోతున్నా" అనరు కదా. మీలో ఎవరైనా గడప దగ్గర ఆ మాట అని చూడండి, అమ్మమ్మ నెత్తిన ఒకటి మొట్టి, "పోతాననకు, వస్తానను" అంటుంది. "పోయాడు" అంటే ఏమిటో మనందరికీ తెలుసు. అందుకే ఊరికి పోతున్నా, పొలానికి పోతున్నా, తిరిగిరాని చోటికి పోతున్నా, ఆ పోవడానికి ఒక రావడం తగిలించి మరీ కదులుతాం. జోగన్న కూడా మర్యాదకే అన్నాడు.

చెట్లకు ఈ మర్యాదలు ఎలా తెలుస్తాయి? చెట్టు పుట్టిన చోటు వదిలి ఎక్కడికీ పోదు. పోనివాళ్లకు వీడ్కోలు మాటలతో పనేముంది? జోగన్న వస్తామన్నాడు, మరుసటి ఏడు వచ్చాడు. మళ్లీ వస్తామన్నాడు, మళ్లీ గొడ్డలి పట్టుకుని వచ్చాడు. అలా పదిహేనేళ్లు. ఈ మనిషి మాట తప్పడని అడవికి గట్టిగా తెలిసిపోయింది.

జోగన్న భార్య పేరు పైడమ్మ. అడవిలో అందరికీ జావ కాచి పోసేది ఆమే. ఒక ఎండాకాలం ఆమెకు చలిజ్వరం తగిలింది. ఏటి ఒడ్డున, అన్నిటికంటే పెద్ద మద్దిచెట్టు నీడలో పడుకోబెట్టారు. మూడోరోజు పొద్దున ఆమె జోగన్న చెయ్యి పట్టుకుంది.

"నన్ను మోసుకుపోకండి. ఇక్కడ చల్లగా ఉంది. ఏటా ఒకసారి వస్తావుగా, నాకు చాలు."

ఆ చెట్టు మొదట్లోనే ఆమెను పూడ్చిపెట్టారు. పైన ఏటి గుండ్రాళ్లు పేర్చారు. ఆనాటినుంచి జోగన్న తెప్ప ఎక్కేముందు రెండుసార్లు పోయొస్తాననేవాడు. ఒకటి అడవికి, ఒకటి పైడమ్మకు. అడవికి అన్నది మర్యాద. పైడమ్మకు అన్నది నిజం.

ఆ పెద్దమద్ది మీద మాత్రం జోగన్న గొడ్డలి పడనివ్వలేదు. ఆరేళ్లు కాపాడాడు. మళ్లీ లేచిన మానుల్నీ మళ్లీ కొట్టారు, చుట్టూ అడవి పలచబడింది, తర్వాత ఖాళీ అయింది, చివరికి కనుచూపుమేర మోళ్లూ, వాటి మధ్య ఒంటరిగా ఆ పెద్దమద్దీ మిగిలాయి. ఏడో ఏడు రాజుగారి పడవకు అడుగుమాను కావాలని కబురొచ్చింది. అంత పొడుగు మాను ఇంకెక్కడా లేదు. జోగన్న వద్దన్నాడు, బతిమాలాడు, ముసలిచెట్టు లోపల డొల్ల అని అబద్ధం కూడా చెప్పాడు. రాజుగారి మనిషి చెట్టును తట్టి చూసి నవ్వాడు. ఇంకెవరి చేతా కొట్టించడానికి మనసొప్పక జోగన్న తనే గొడ్డలి ఎత్తాడు. పైడమ్మ మీది నీడ ఆ సాయంత్రానికి నేల కూలింది.

మర్నాడు పొద్దున్నే దండోరావాడు వచ్చాడు.

కింద పట్నం రేవు మట్టితో పూడిపోయిందట. రాజుగారి పడవలు ఇసుకలో కూరుకుపోతున్నాయట. పైన అడవి ఉంటేనే కింద ఏరు బాగుంటుందని ఎవరో చెబితే రాజుకు అప్పటికి తెలివొచ్చింది. మొదలు నరికి కొనకు నీళ్లు పోయడమంటే ఇదే. దండోరావాడు డప్పు కొట్టి ఇలా చాటాడు.

"ఈ ఏటి ఒడ్డున ఇక గొడ్డలి వేయరాదు. విత్తు విత్తరాదు, మొక్క నాటరాదు. పడ్డదాన్ని ఎత్తరాదు. అడవి ఎలా పెరిగితే అలా పెరగనీ, ఎలా పడితే అలా పడనీ."

జోగన్న ఆ మాట విని పెద్దమద్ది మోడు పక్కన కూలబడ్డాడు. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే ఆ చెట్టు బతికేది. ఒక్కరోజు.

మనుషులు అంతకుముందే ఏట్లోకి దించిన మానులతో ఆఖరి తెప్ప కట్టుకున్నారు. జోగన్న ఆఖరున ఎక్కాడు. కళ్లనిండా నీళ్లు, బుర్రనిండా దుఃఖం, నోటికి మాత్రం పాత అలవాటు. అడవివైపు తిరిగి చేతులు జోడించి "పోయొస్తాం" అన్నాడు. గుండ్రాళ్లవైపు తిరిగి "పోయొస్తా" అన్నాడు. తెప్ప కదిలింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మోళ్లు చిగురించలేదు.

రెండో ఏడు కూడా చిగురించలేదు. గాలి ఎక్కడెక్కడినుంచో విత్తనాలు మోసుకొచ్చి పోసింది. మొలవమంటారా అని విత్తనాలు మోళ్లను అడిగాయి. మొలిస్తే మొక్కవుతారు, మొక్కయితే మానవుతారు, మానయితే వాళ్లొస్తారు, వస్తామని చెప్పే వెళ్లారు అన్నాయి మోళ్లు. విత్తనాలు భయపడి మట్టిలోనే ముడుచుకుపడుకున్నాయి. చెదపురుగులు వచ్చి, మీరు బతికున్నట్టా పోయినట్టా, ఏదో ఒకటి తేలిస్తే మా పని మేం చూసుకుంటామని విసుక్కున్నాయి. 

వేళ్లు భయంతో లోపలికి ముడుచుకున్నాయి. ఏటి చెయ్యి పట్టుకునేవాళ్లు లేకపోయారు. ఏటా వరద వచ్చినప్పుడల్లా ఒడ్డు కోసుకుపోయింది. ఇవాళ ఒక బార, మరుసటి ఏడు రెండు బారలు. ఎర్రమట్టి నీళ్లలో కలిసి ఏరు నెత్తురు రంగున పారేది.

ఒడ్డు మట్టిలో బొరియ చేసుకుని బతికే లకుముకిపిట్ట ఒకతి ఉండేది. మంచిదే గానీ నోటి దురుసు. ఏటా గూడు కట్టడం, ఏటా అది ఏటి పాలవడం. ఏడో ఏడు గుడ్లతో సహా ఒడ్డు విరిగిపడింది. లకుముకి ఏడ్చి ఏడ్చి, ఏడుపు అయిపోయాక ఏటి మీద పడింది. తినడానికి చేపలు చాలక మట్టి తింటున్నావా అని అడిగింది.

"నాకేం ఆకలమ్మా," అంది ఏరు. "పైనుంచి నీళ్లు తోస్తాయి. ఆగుదామంటే పట్టుకోవడానికి ఒక్క వేరు అందదు. పడిపోతున్నవాడు దొరికిందల్లా పట్టుకోడూ? అలా ఒడ్డును పట్టుకుంటున్నా. అది విరుగుతోంది."

లకుముకి ఎగిరివెళ్లి పెద్దమద్ది మోడు మీద వాలింది. వాళ్లిక రారని చెప్పింది. దండోరా తన చెవులతో విన్నానంది. మద్ది కదలలేదు. వస్తానన్నవాడే వచ్చి రానని చెప్పాలి, మధ్యలో నీ మాటెలా నమ్మను అంది. లకుముకికి కోపమొచ్చినా, ఆ మాటలో న్యాయముందని తోచింది.

లకుముకి ఏటివెంట రెండురోజులు ఎగిరి జోగన్నను వెతికిపట్టుకుంది. అతను చెల్లెలు గవరమ్మ ఇంట్లో ఉంటున్నాడు. ఆమెకూ భర్త లేడు. అన్న చెక్కిన తెడ్లూ గరిటెలూ సంతలో అమ్మి ఇద్దరూ గంజి తాగుతున్నారు. మానులు కూల్చిన చెయ్యి ఇప్పుడు ఎండిన కొమ్మల్ని మాత్రమే ముట్టుకునేది.

ఏడేళ్లుగా అతను ఏటి ఒడ్డుకు పోలేదు. దారి తెలియక కాదు. పైడమ్మ తలమీది నీడ నరికినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని పోనని. లకుముకి అదంతా వినలేదు. ఒడ్డు ఎంత కోసుకుపోయిందో చెప్పి, ఆ గుండ్రాళ్లు ఇంకెన్నాళ్లుంటాయో నువ్వే లెక్క వేసుకో అంది. జోగన్న తెడ్డు చెక్కుతున్న బాడిస కింద పెట్టాడు.

గవరమ్మ దారికి రాగిపిండి కట్టిచ్చింది. "పోయొస్తానమ్మా" అన్నాడు. "పోయిరా అన్నయ్యా" అంది. రెండురోజులు నడిచాడు.

అక్కడికి చేరి చూసేసరికి అతని కాళ్లు ఆగిపోయాయి. ఆకు లేదు, పిట్ట లేదు, నీడ లేదు. ఎండలో బోర్లించిన పీటల్లా మోళ్లు. ఏరు గుండ్రాళ్లకు ఆరేడు బారల దూరానికి వచ్చేసింది. అతను మద్ది మోడును పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత మొహం తుడుచుకుని అన్ని మోళ్లకూ వినపడేలా చెప్పాడు. మేమెవరం రాం. ఒకడు మేకలు కాస్తున్నాడు, ఒకడు వలలు అల్లుతున్నాడు. గొడ్డళ్లన్నీ కొలిమిలో కరిగి కొడవళ్లయ్యాయి. ఇక భయం లేదు, చిగురించండి.

నిజంగా రారా అని మద్ది అడిగింది. రారన్నాడు.

అప్పుడు ఒక్కొక్క మోడు నడుమా ఎర్రగా మెరిసింది. బియ్యపుగింజంత చిగుళ్లు. మట్టిలో విత్తనాలు మసిలాయి. లకుముకి సంతోషం పట్టలేక ఏట్లో మూడు మునకలు వేసింది. అక్కడితో కథ అయిపోయి ఉంటే ఎంత బాగుండేది.

జోగన్న బయల్దేరబోతూ గుండ్రాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఏడేళ్ల తర్వాత కదా, ఒక్కో రాయీ సర్దాడు. లేచి నిలబడ్డాడు. గుండె నిండిపోయింది. నోరు దానంతటదే కదిలింది.

"పోయొస్తా, పైడమ్మా."

నత్త కొమ్ములు ముట్టుకుంటే లోపలికి పోతాయే, అలా చిగుళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి పోయాయి. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. జోగన్న చేతులూపుతూ మోడునుంచి మోడుకు పరుగెత్తాడు. ఆ మాట మీకు కాదు, ఆమెకు అని మొత్తుకున్నాడు.

"మాట ఒకటే కదా," అంది మద్ది. దాని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆమెతో అంటే వస్తావట. మాతో అంటే రావట. ఆమె ఉన్నదీ ఇక్కడే, మేమున్నదీ ఇక్కడే. ఆమె కోసం వచ్చేవాడివి మా దగ్గరికి రాకుండా ఎలా వస్తావు?"

 ఈసారి తిరిగి వెళ్లేటప్పుడు జోగన్న నోరు విప్పడానికే భయపడి, రెండు చేతులతో నోరు మూసుకుని నడిచాడు. ముసలివాడు అలా నడిచి పోతుంటే లకుముకి కూడా తిట్టలేకపోయింది.

ఆ వానాకాలం వరద పెద్దది. వానలు వెలిశాక లకుముకి గవరమ్మ ఇంటి పందిరి మీద వాలింది. దానికి అరిచే ఓపిక కూడా లేదు. ఇక రెండు బారలే మిగిలాయని, వచ్చే తొలకరికి పైడమ్మ ఏట్లో కలిసిపోతుందని చెప్పింది.

జోగన్న శీతకాలమంతా ఆలోచించాడు. గుండ్రాళ్లు తీసి వేరేచోట పెడదామంటే, పడ్డదాన్ని ఎత్తరాదని దండోరా. ఒడ్డున మొక్కలు నాటుదామంటే నాటరాదు. ఆ ఒడ్డును కాపాడగలిగింది మోళ్లే. మోళ్లు కదలాలంటే రానని చెప్పాలి. ఆ మాట పైడమ్మ కూడా వింటుంది.

ఒకరోజు గవరమ్మ రాగులు చెరుగుతూ ఒక ఉపాయం చెప్పింది. మోళ్లకు చెప్పాల్సింది చెప్పు, వదినతో ఏమీ అనకుండా వెనక్కి తిరిగి వచ్చెయ్ అంది.

"వస్తానని చెప్పకుండా దాని దగ్గర నేను వెనక్కి తిరగలేను గవరమ్మా. తిరిగినా కాళ్లు పడవు."

"అయితే తిరగవా?"

జోగన్న చెక్కుతున్న తెడ్డు మీదికి వంగాడు. గవరమ్మ చేతిలో చేట ఆగింది. కాసేపటికి మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. ఆ చెరగడంలో గింజ ఎటు పోయిందో, పొట్టు ఎటు పోయిందో ఆమె చూసుకోలేదు.

ఎండలు ముదిరాయి. తొలకరికి ఇంకా నాలుగువారాలుందనగా జోగన్న తెడ్లన్నీ చెక్కడం ముగించి, బాడిస కడిగి చూరులో పెట్టాడు. తలగుడ్డ చుట్టుకున్నాడు. గవరమ్మ రాగిపిండి మూట చేతికిచ్చింది. పోయినసారికి రెండింతలు కట్టింది. 

అతను గడప దాటి ఆగాడు. ఆమె గడప ఇవతల నిలబడింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ అన్న ఆ చెల్లెలితో పోయొస్తానని అనకుండా ఎక్కడికీ వెళ్లలేదు. బావి దాకా వెళ్లినా అనేవాడు.

"పోయొస్తానను అన్నయ్యా," అంది గవరమ్మ. "ఉత్తినే అను. నేనేం నమ్మనులే."

జోగన్న పెదవులు కదిలాయి. ఆ మాట నాలుకమీదకు వచ్చింది. దాన్ని ఇక్కడ అంటే అక్కడ కూడా అనేస్తానని అతనికి భయం. నోరు గట్టిగా మూసుకున్నాడు. చెల్లెలి తలమీద చెయ్యివేసి, తీసి, నడిచి వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగి కనపడకుండా పోయాక, వినపడని దూరంలో ఉన్నాక, ఆమె మెల్లగా "పోయిరా" అంది.

ఏటి ఒడ్డుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మోళ్లు అతన్ని చూసి ఇంకా ముడుచుకున్నాయి. వస్తానన్నాడు, వచ్చాడు. వాటి లెక్క తప్పలేదు కదా.

జోగన్న పెద్దమద్ది మోడు ఎక్కి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. జీవితంలో ఎన్నడూ అనని మాట, ఎవరైనా అంటే నోరు మూయించే మాట, గొంతెత్తి అన్నాడు.

"పోతున్నాను. ఇక రాను."

గాలి ఆగింది. ఆ మాట వెనక ఇంకో మాట వస్తుందేమోనని మోళ్లన్నీ చెవులు రిక్కించాయి. రాలేదు.

"తోక లేదేం?" అంది మద్ది. "నీ మాటకు ఎప్పుడూ వస్తానని ఒక తోక ఉండేదిగా?"

"తెగ్గొట్టాను," అన్నాడు జోగన్న.

అలా అని ఆ మోడు నడుమనే, తను నరికిన చోటే, గుండ్రాళ్లవైపు తిరిగి కూర్చున్నాడు. గొంతు తగ్గించి, ఒక్క మనిషికి మాత్రమే వినపడేలా అన్నాడు.

"వచ్చేశాను పైడమ్మా."

ఒకరోజు గడిచింది. రెండురోజులు గడిచాయి. జోగన్న కదలలేదు. కాస్త పిండి నీళ్లలో కలుపుకుని తాగేవాడు. ఎండకు తలగుడ్డ కప్పుకునేవాడు. మూటలో పిండి అయిపోయింది. లకుముకి చేప తెచ్చి ఒళ్లో వేస్తే, పిల్లలకు పెట్టుకోమ్మా అని తిరిగి ఇచ్చేశాడు. మద్దికి మాత్రం ఇదంతా అర్థం కాలేదు. చెట్టు కదా. దానికి మాటలు మాటల్లాగే తెలుసు.

"పోతున్నానన్నావు. పోవేం?"

"పోతున్నాలే," అన్నాడు జోగన్న. "పెద్దవాణ్ణి. నిదానంగా పోతున్నా."

లకుముకి ఆ మాట విని మొహం ఏటివైపు తిప్పుకుంది. దానికి అర్థమైంది. అర్థమైనా మద్దికి చెప్పలేదు.

తొలి మబ్బు వచ్చింది. పెద్ద చినుకులు పడ్డాయి. జోగన్న తల పైకెత్తి నోరు తెరిచి నాలుగు చినుకులు తాగాడు. తర్వాత గుండ్రాళ్లవైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. మద్ది అతన్ని పిలిచింది. మళ్లీ పిలిచింది. అంత పెద్ద వానలో, అతను దానిమీదే కూర్చుని ఉండగానే, అతను వెళ్లిపోయాడని దానికి అప్పుడు తెలిసింది.

మద్ది ఇంకా కొంచెంసేపు విన్నది. వస్తానన్న మాట వినపడలేదు. ఈసారి నిజంగానే పోయాడు. ఈ మనిషి మాట తప్పడు.

అప్పుడు మద్ది లోపల ఇన్నేళ్లుగా దాచుకున్న చిగురు కదిలింది. నడుమనుంచి లేద్దామని పైకి వచ్చింది. అక్కడ జోగన్న కూర్చుని ఉన్నాడు. చిగురు ఆగింది. లేస్తే అతను పక్కకు పడిపోతాడు. గుండ్రాళ్లవైపు తిరిగి ఉన్న ఆ మొహం ఇంకోవైపు తిరిగిపోతుంది. మద్దికి అది మనసొప్పలేదు. తనను నరికినవాడే. అయినా మనసొప్పలేదు. చిగురు వెనక్కి తిరిగి, బెరడు అంచుకు జరిగి, అక్కడ పొడుచుకుని బయటికి వచ్చింది. దాని పక్కన ఇంకొకటి. ఇటు రెండు, అటు రెండు. అతని చుట్టూ దడి కట్టినట్టు లేచాయి.

మద్దిని చూసి మిగతా మోళ్లు కూడా అంచుల్లోంచే చిగురించాయి. తమ నడుమ ఎవరూ కూర్చోకపోయినా సరే. వేరు వేరుకు చెప్పింది, ఆ కబురు ఏరు దాటి, కొండ దాటి, లోకంలోని అడవులన్నిటికీ పాకింది. మట్టిలో విత్తనాలు కళ్లు తెరిచాయి. ముడుచుకున్న వేళ్లు చాచుకుని ఒడ్డు దిగి ఏటి చెయ్యి పట్టుకున్నాయి. వరద వచ్చింది. గుండ్రాళ్ల దాకా వచ్చి, అంచు రాయిని తడిపి, తగ్గిపోయింది.

వానలు వెలిశాక గవరమ్మ వచ్చింది. రెండురోజుల దారి, ముసలి ప్రాణానికి నాలుగురోజులు పట్టింది. పెద్దమద్ది మోడు చుట్టూ చిగురుకొమ్మలు ఆమె భుజం ఎత్తు లేచి ఉన్నాయి. ఆకులు తప్పించి లోపలికి తొంగిచూసింది. అన్నయ్య కనపడలేదు. వాన, చెద, రాలిన ఆకు, ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. నడుమ తలగుడ్డ మాత్రం తడిసి అతుక్కుని ఉంది.

ఆమె చెయ్యి చాచింది. పడ్డదాన్ని ఎత్తరాదన్న మాట గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

చాలాసేపు కూర్చుంది. పొద్దు వాలుతుంటే లేచింది. లేవగానే అలవాటు కొద్దీ నోరు తెరిచింది. కొమ్మలన్నీ ఒక్కసారి ఆకులు బిగబట్టి ఆమెవైపు చూశాయి. గవరమ్మ నాలుక కరుచుకుంది. అన్నతో ఆఖరిమాట కూడా చెప్పుకోకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఆ ఒడ్డు దిగి వెళ్లిపోయింది.

అప్పటినుంచే నరికిన చెట్టు నడుమనుంచి చిగురించడం మానేసింది. అంచుల్లోంచే చిగురిస్తుంది, ఒక్క మానుగా కాక నాలుగైదు కొమ్మలుగా లేస్తుంది. వంకరటింకర కొమ్మలు గనక ఎవరి పడవకూ అడుగుమానుగా పనికిరావు. నడుమ మాత్రం గొడ్డలి దెబ్బ అలాగే ఉంటుంది, వాననీళ్లు నిలుస్తాయి, పిట్టలు తాగుతాయి. ఎప్పుడైనా అడవిలో చూడండి. చుట్టూ పచ్చగా ఎంత చిగురు వేసినా, మోడు నడుమ ఒక మనిషి కూర్చునేంత చోటు ఇవాళ్టికీ ఖాళీగానే ఉంటుంది.